అవ్వ గోడ మీది గుట్టలు

యుద్ధాల్లో రాజ్యాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. నేను మాత్రం యుద్ధంలో ఓ సోరపాదును పోగొట్టాను. అదీ నాది కాదు, మా అవ్వది, అంటే మా అమ్మది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకే ఇంకా సరిగా నవ్వు రావడం లేదు.

కరీంనగర్‌లో నరేష్ అని నాకో దోస్తు. దుబాయిలో ఉన్న వాళ్లన్న అతనికి వేలెడంతేసి సైనికులున్న పెట్టె ఒకటి పంపాడు. బల్ల మీద రెండు సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి జరుపుతూ యుద్ధం చెయ్యాలి. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, మీసాలున్నాయి. అయినా ఆదివారం వస్తే చాలు, సేనాధిపతులమైపోయేవాళ్లం. సైన్యం నరేష్‌ది కాబట్టి యుద్ధభూమి తయారుచేసే పని నా మీద పడింది. థర్మోకోల్ కోసి, రంగు పూసి, ఓ గుట్టను పట్టుకెళ్లాను.

"గిది గుట్టనారా? ఇడ్లీకి పచ్చరంగేసినట్టున్నది" అన్నాడు నరేష్.

అవమానంతో చొప్పదండి బస్సెక్కాను. ఇంటికొచ్చి దొడ్లో ముఖం కడుక్కుంటుంటే గోడ మీద నాలుగు పిడకలు కనిపించాయి. ఎండకు బిగిసి, పగుళ్లిచ్చి, అక్కడక్కడ బుడిపెలు తేలి, అచ్చం మా వైపు రాతిగుట్టల్లాగే ఉన్నాయి. మా వంట గ్యాసు మీదికి మారి ఏళ్లయింది, ఇంకా ఈ పిడకలెందుకులే అనుకున్నాను. అవ్వ పెద్దపల్లికి పెండ్లికి పోయింది. ఇంట్లో ఉన్నా అడిగేవాణ్ని కాదు లెండి. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు.

దొరికిన వస్తువు ఏదైనా ముందు బాగా వేడి చేస్తే పురుగూ పుట్రా చస్తాయని ఫోన్ వీడియోలో ఒకాయన చెప్పాడు. ఓవెన్‌లో పెట్టమన్నాడు. మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? పెనం మీద సన్నని మంటకు ఒక్కో పిడకను అటూ ఇటూ తిప్పుతూ కాల్చాను. ఇల్లంతా పొగ! తర్వాత జిగురు పూసి, ఇసుక చల్లి, రెండు పూతలు రంగేసి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని మళ్లీ బస్సెక్కాను.

"అబ్బ! దేంతోని చేసినవ్‌రా?" అన్నాడు నరేష్ కళ్లు పెద్దవి చేసి.

"గది మా ఇంటి రహస్యం."

"జర వాసనొస్తున్నదిరా."

"యుద్ధమన్నంక వాసన రాదా?"

ఆ ఆదివారం ఆ గుట్టల చాటు నుంచే నరేష్ సైన్యాన్ని తుడిచిపెట్టాను. నెల రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఇంతలో మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చింది. తొలివాన పడిన మర్నాడు పొద్దున్నే అవ్వ దొడ్లోంచి కేకేసింది.

"సీనూ, గోడకున్న పిడకలేవిరా?"

"అవెందుకవ్వా? గ్యాసున్నది గదా."

"పొయ్యిలకు గాదు బిడ్డా. అండ్ల సోరగింజలున్నయ్. పురుగు పట్టకుండ పెండల పెట్టి గోడకు కొట్టిన."

నేను బుడిపెలనుకున్నవి గింజలు! ఆ విత్తనం మా అమ్మమ్మది. అవ్వ కాపురానికి వచ్చేటప్పుడు కొంగున కట్టి పంపిందట. ఏటా ఒక కాయను తీగకే ముదరనిచ్చి, గింజలు తీసి దాచేది అవ్వ. అమ్మమ్మ పోయాక, అవ్వకు పుట్టింటి నుంచి మిగిలింది ఆ పాదొక్కటే. ఇదంతా నాకు తెలుసు. గింజలు ఎక్కడ దాస్తుందన్నది మాత్రం ఏనాడూ అడగలేదు.

కరీంనగర్‌కు పరుగెత్తాను. వెళ్లగానే సుత్తె తీశాను.

"ఏం చేస్తున్నవ్‌రా? రేపు ఆటున్నది!" అని నరేష్ అడ్డం పడ్డాడు.

"జరుగు! గా గుట్టలల్ల మా అమ్మమ్మ ఉన్నది!"

నరేష్ భయపడి జరిగాడు. గుప్పెడు గింజలు దొరికాయి. తెచ్చి అవ్వ చేతిలో పోసి, జరిగిందంతా చెప్పాను, ఒక్క కాల్చిన సంగతి తప్ప. అవ్వ ఒక గింజను గోటితో చీల్చింది. లోపల పప్పు ఎర్రగా వేగి ఉంది.

"కాల్చినవా?"

"పురుగులు చస్తయని... జర వేడి చేసిన."

"దేని మీద?"

నేను వంటింటి వైపు చూశాను.

"రొట్టెల పెనం మీదనా! నెలసంది గా పెనం మీదనే గదరా రొట్టెలు తింటున్నం!"

ఆ తిట్లు ఇంకాసేపు సాగితే బాగుండేది. కానీ అవ్వ లేచి దొడ్లోకి నడిచింది. ఆ వేగిన గింజలనే గోడ పొడవునా నాటింది. రోజూ నేనే నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు.

"ఈ ఇత్తనం ఎవలకన్న ఇచ్చినవా అవ్వా?"

"అడిగినోళ్లకు కాయలిచ్చిన. ఇత్తనం ఇయ్యలే. మనింట్లనే ఉండాలనుకున్న. నాదే తప్పు" అని తల తిప్పుకుంది.

నా తప్పుకు ఆమె తనను తాను తిట్టుకోవడం నేను భరించలేకపోయాను. దుకాణం నుంచి విత్తనాల పొట్లం తెచ్చిచ్చాను. బాగానే కాశాయి. అవ్వ సోరకాయ తురిమి సర్వపిండి రొట్టె చేసి పెట్టి, "తిను బిడ్డా, ఇది గూడ మంచిగనే ఉన్నది" అంది. ఆ 'గూడ' దగ్గర తుంచిన ముక్కను మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

ఆ రోజే అవ్వ ముందు చేయి చాచి ప్రమాణం చేశాను. "అవ్వా, నీ మీద ఒట్టు. ఇగ మనింటి గోడకున్నది ఏదైనా సరే, పిడకగానీ, క్యాలెండర్‌గానీ, బల్లిగానీ, నేను ముట్ట."

అవ్వ చేతిలో కొత్త పాదుకు ముదిరిన సోరకాయ గింజలున్నాయి. నన్ను ఎగాదిగా చూసింది.

"ముట్టకుంటె ఎట్లరా? నేను పోయినంక ఇత్తనం ఎవలు దాస్తరు? ఇటు రా, పెండ కలుపు."