మీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది

విజయవాడలో ఒక క్రిప్టో కాయిన్ లాంచింగ్‌కి హాలు నింపడం ఎంత కష్టమో మీకు తెలియదు. నేను నింపాను. కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. ఎవరు అడిగినా ఈ మాట గర్వంగానే చెప్తాను. అంత నిండిన హాలు చూసి కూడా క్లయింటు నా మొహం వైపు అలా ఎందుకు చూశాడో, నేనిప్పుడు వన్ టౌన్‌లో ఎందుకు కూర్చున్నానో, అది మాత్రం కాస్త నెమ్మదిగా చెప్పాలి. టీ తాగుతూ వినండి.

ముందు నా పనేంటో చెప్తా. మీరు ఫోన్‌లో ఒకసారి ఏదో చెప్పుల జత చూస్తారు. కొనరు. అక్కడి నుంచి పేపర్ చదువుతున్నా, వంకాయ కూర వీడియో చూస్తున్నా, క్రికెట్ స్కోరు చూస్తున్నా పక్కన ఆ చెప్పులే ప్రత్యక్షమవుతాయి. ఆ చెప్పుల్ని మీ వెనక పంపేది నాలాంటివాడే. దాన్ని రీటార్గెటింగ్ అంటారు. ఊరందరి వెనకా పడం. ఒకసారి మా గుమ్మం తొక్కి వెళ్ళినవాళ్ళ వెనకే పడతాం. అలా పడగా పడగా మనిషి తిరిగొచ్చి కొన్నాడనుకోండి, దాన్ని మా భాషలో కన్వర్షన్ అంటారు. ఈ విద్యలో నేను దిట్టని. నా మాట కాదు, నా విజిటింగ్ కార్డు మీదే ఉంది.

దీనికి ముందు కొన్నాళ్ళు వన్ టౌన్‌లో మా బావ హోల్‌సేల్ చీరల కొట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అంటే నిజంగా కూర్చోవడమే. గల్లాపెట్టె పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ నాది. "బావా, నా బుర్రకి ఈ కుర్చీ చాలదు" అని చెప్పి, గుణదలలో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టాను. బావ కోప్పడలేదు. ఆ మనిషి అసలు కోప్పడడు, అదే బాధ. ప్రతి సోమవారం పొద్దున్నే ఒక మెసేజ్ పెడతాడు: "వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయావు. నీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. తిరిగి రా." చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో శేషు గారు దొరికారు. ఆయనది మంగళగిరి, మాదీ మంగళగిరే. వాళ్ళింట్లో అందరూ చేనేత వ్యాపారం. ఈయన మాత్రం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసి వచ్చి సొంతంగా ఒక క్రిప్టో కాయిన్ తయారు చేశారు. "మురళి గారూ, హాలు నింపండి. వచ్చినవాళ్ళలో సగం మంది డబ్బు పెట్టి దిగితే ఏడాది పని మీకే" అన్నారు. ఏడాది పని అంటే నా బోర్డు నిలబడుతుంది. లేదంటే ఆ ప్లాస్టిక్ కుర్చీ. నాకు మధ్యలో ఇంకో దారి లేదు.

కాయిన్‌కి పేరు కావాలన్నారు. "మనది అనిపించాలండీ, తెలుగు ఉట్టిపడాలి" అని పట్టుబట్టారు. ఆయన 'మన నాణెం' అనుకుంటున్నారు. బస్టాండులో బోర్డులా ఉంది. నేను రెండింటినీ కోసి, కలిపి, "మన్నా" అన్నాను. ఆయన ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించి, "అబ్బ, ఎంత బాగుందండీ" అన్నారు. మీలో కొందరికి ఇప్పటికే అర్థమైపోయింది, నవ్వు ఆపుకుంటున్నారు. ఆపుకోండి. మేమిద్దరం పానకాల స్వామి పానకం తాగి పెరిగినవాళ్ళం. ఆ మాట మాకంటే ముందు ఇంకెవరైనా వాడి ఉంటారని మాకెలా తెలుస్తుంది?

తర్వాత వచ్చిన చిక్కు ఏంటంటే, క్రిప్టో అన్న మాట కనిపిస్తే చాలు, యాడ్ కంపెనీ వాళ్ళు ప్రకటన తిప్పి పంపేస్తున్నారు. కాయిన్ అన్నా అంతే. నేను వెనక్కి తగ్గుతానా? ఆ మాటలే లేకుండా పేజీ తయారు చేశాను. నీలాకాశం, మబ్బుల్లోంచి గుండ్రంగా బంగారు రంగులో ఏవో రాలుతూ ఉంటాయి. కింద "మన్నా. ఆకాశం నుంచి మీ చేతుల్లోకి. త్వరలో." అంతే. చూసినవాడికి ఏమీ అర్థం కాకూడదు, కానీ ఇంకా చూడాలనిపించాలి. సగం సాధించాను.

ఇక వెంటపడే ప్రకటనకి మంచి వాక్యం కావాలి. మనిషి మనసులో దిగబడాలి, తెల్లారి లేవగానే గుర్తుకు రావాలి. అలాంటి వాక్యం నాకు ఒక్కటే తెలుసు. బావ మెసేజ్ తీసి మర్యాద చేర్చాను: "వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయారు. మీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. తిరిగి రండి." కింద మన్నా. బావ అలా మొదటిసారి నాకు పనికొచ్చాడు అనుకున్నాను.

అంతా సిద్ధం. కానీ వెంటపడడానికి ముందు ఎవరో ఒకరు గుమ్మం తొక్కాలి కదా. పేజీకి ఎవరూ రావడం లేదు. నేను, శేషు గారు, అంతే. మేమిద్దరమే ఒకరి తర్వాత ఒకరు చూసుకుంటున్నాం.

ఆ సమయంలో మా ఇంటి ఓనరు ప్రమీల టీచర్ గారు కాఫీ పట్టుకుని మేడ మీదకి వచ్చారు. రిటైర్ అయిన టీచరు, చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూడికకి పెద్ద దిక్కు. నా స్క్రీన్ వైపు చూసి గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"మన్నానా? ఈ పేరు ఎవరు పెట్టారు బాబూ?"

"నేనేనండీ."

"నీకెలా తెలుసు?"

"కూర్చుంటే అలా తట్టిందండీ."

టీచర్ గారి కళ్ళు చెమర్చాయి. నా పేరు పెట్టే శక్తి అలాంటిది అనుకున్నాను. "ఆ లింకు నాకు పంపు. మా వాళ్ళకి కూడా పంపుతాను" అన్నారు. పంపాను. ఆ సాయంత్రానికి పేజీకి జనం రావడం మొదలైంది. మర్నాటికి ఇంకా పెరిగారు. అందరూ గుణదల, పటమట, క్రీస్తురాజపురం వైపు వాళ్ళే. శేషు గారికి ఫోన్ చేసి, "సార్, రూపాయి ఖర్చు లేకుండా వస్తున్నారు. దీన్ని ఆర్గానిక్ అంటారు" అని చెప్పాను. ఆయన పొంగిపోయారు. నేను ప్రకటన వదిలాను. అది వాళ్ళందరి వెనకా పడింది.

నాలుగు రోజులు పోయాక టీచర్ గారు మెట్ల దగ్గర ఆపారు.

"బాబూ, ఆ వాక్యం ఎక్కడిది? చాలా వెతికాను, దొరకలేదు."

మా ఇళ్ళల్లో వాక్యం అంటే వాక్యమే. వాళ్ళ ఇళ్ళల్లో వాక్యం అంటే దేవుడి మాట. నాకేం తెలుసు.

"ఎక్కడిదీ కాదండీ. నేనే రాశాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు రాయలేదు నాయనా. ఆయన ఇచ్చాడు."

"అవునండీ, శేషు గారే ఇచ్చారు. మంచి క్లయింటు."

ఆవిడకి ఏమర్థమైందో గానీ నా తల మీద చెయ్యి పెట్టి కిందకి వెళ్ళిపోయారు. నాకు మహా ఉత్సాహం వచ్చింది. ఇంటి ఓనరు దగ్గర ఆశీర్వాదం తీసుకున్న మార్కెటింగ్ మనిషి ఎంతమంది ఉంటారు చెప్పండి. ఆ ఊపులో రెండో ప్రకటన కూడా వదిలాను: "శనివారం సాయంత్రం, బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో మన్నా. అందరూ రండి. ప్రవేశం ఉచితం."

శనివారం హాలు చూడాలి మీరు. సీలింగు నుంచి దారాలు కట్టి బంగారు రంగు బిళ్ళలు వేలాడదీయించాను. వాకిట్లో నిలబడి చూస్తే, ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. దిగేవాళ్ళందరూ ఆడవాళ్ళే. అందరూ తెల్లచీరలే. లోపలికి వచ్చి పైకి చూడడం, "స్తోత్రం" అనడం, కూర్చోవడం. నాకు లోపల ఏదో గుచ్చుకుంది. కానీ హాలు నిండుతోంది కదా, నిండుతున్న హాలుని చూస్తూ ఎవడైనా అనుమానపడతాడా?

"ఇంతమంది లేడీ ఇన్వెస్టర్లా" అని శేషు గారు నా చెవిలో అన్నారు. "సార్, ఇదే మన బలం" అన్నాను. ధైర్యంగానే అన్నాను.

ఆయన స్టేజీ ఎక్కారు. "మన్నా ఇక్కడిది కాదు. ఆకాశం నుంచి మీ చేతుల్లోకి వస్తుంది" అన్నారు. హాలంతా ఆమెన్ అంది. ఆయన ఒక్క క్షణం తడబడి, అదేదో కొత్తరకం చప్పట్లు అనుకుని, ఇంకా రెచ్చిపోయారు. క్రిప్టో వాళ్ళు ఉచితంగా పంచే కాయిన్లని ఎయిర్‌డ్రాప్ అంటారు. ఆయన దాన్ని తెలుగు చేశారు. "ఈరోజు వచ్చిన ప్రతి ఒక్కరి మీదా మన్నా కురుస్తుంది" అన్నారు. హల్లెలూయా అని పైకప్పు ఎగిరిపోయింది. శేషు గారు నా వైపు చూసి బొటనవేలు ఎత్తారు. ఏడాది పని నా జేబులో పడిపోయింది అనుకున్నాను. నిజం చెప్తున్నా, అంత ఆనందం నాకు పెళ్ళిలో కూడా లేదు.

ఆయన మళ్ళీ మైకు దగ్గరకి జరిగారు. "అయితే ఒక్క మాట. వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేయకండి. దాచుకోండి. ఎంత దాచుకుంటే అంత మంచిది."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి ప్రమీల టీచర్ గారు లేచారు. క్లాసులో పిల్లాడు తప్పు చెప్తే ఎలా అడిగేవారో అలాగే, మెత్తగా అడిగారు.

"అది కాదు బాబూ. మన్నాని దాచుకుంటే పురుగు పడుతుంది కదా?"

శేషు గారు స్టేజీ అంచుకి వచ్చారు. "పురుగేంటండీ?"

"ఎడారిలో ఆకలితో ఉన్నవాళ్ళకి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం. మన్నా అంటే అదే కదా. ఏ పూటది ఆ పూటే తినాలి. ఆశపడి మర్నాటికి దాచుకున్నవాళ్ళది కుళ్ళి కంపు కొట్టింది. మా సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు."

ఆయన మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. ఇందాక చెప్పానే, ఆ చూపు ఇదే. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. అయినా శేషు గారు మంచి మనిషి, అబద్ధం ఆడలేదు. "అమ్మా, ఇది తినేది కాదండీ. కంప్యూటర్‌లో ఉండే డబ్బు. దాచుకోవడానికే" అన్నారు.

"దాచుకుంటే పెరుగుతుందా?"

"పెరగొచ్చండీ. తగ్గిపోనూ వచ్చు. గ్యారంటీ లేదు."

టీచర్ గారు "అయితే ఇదీ అంతే కదా నాయనా" అన్నారు.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. కోపంగా కాదు, ఇంట్లో పిల్లలు తప్పటడుగు వేస్తే నవ్వినట్టు. మేం తెప్పించిన సమోసాలు తిని, ఒక పాట పాడి, చివర్లో "ఈ ఇద్దరు బిడ్డలకి మంచి ఉద్యోగాలు దొరకాలి" అని ప్రార్థన చేసి, ఆటోలెక్కి వెళ్ళిపోయారు. ఒక్కరంటే ఒక్కరు కాయిన్ కొనలేదు. శేషు గారు మైకు వైరు చుట్టుకుంటూ, "మళ్ళీ మాట్లాడుకుందాం మురళి గారూ" అన్నారు. ఆ మాటకి అర్థం ఏంటో మా లైన్‌లో అందరికీ తెలుసు.

సోమవారం పొద్దున్న దిగాలుగా గదిలో కూర్చుని ఉన్నాను. బోర్డు పీకేయడమా, ఇంకో నెల చూడడమా తేలడం లేదు. టీచర్ గారు కాఫీ పట్టుకుని వచ్చారు. కోపంగా ఉంటారనుకున్నాను. మొహం వెలిగిపోతోంది.

"నిన్న సుగుణ చర్చికి వచ్చింది బాబూ."

సుగుణ గారంటే వాళ్ళ పాటల బృందంలో ముందు నిలబడి పాడేవారట. ఏదో మాటా మాటా అనుకుని చాలాకాలంగా రావడం మానేశారట. వీళ్ళు ఇంటికి వెళ్ళి పిలిచినా తలుపు తీయలేదట. టీచర్ గారు పంపిన లింకు మాత్రం ఒకసారి తెరిచారట.

"పేపర్ తెరిచినా అదే, వంట వీడియో పెట్టినా అదే. నా చోటు ఖాళీగానే ఉందని, తిరిగి రమ్మని. ఎన్ని రోజులని తప్పించుకోను వదినా అంది. వచ్చి తన చోట్లో నిలబడి పాడింది."

ఇంత బాగా పనిచేసిన ప్రకటన నా జీవితంలో ఇంకోటి లేదు. సంతోషం వేసింది, పైకే చెప్తున్నా. కాకపోతే దాన్ని శేషు గారి రిపోర్టులో ఏ గడిలో రాయాలో తెలియలేదు.

అప్పుడే బల్ల మీద నా ఫోన్ మోగింది. సోమవారం కదా, బావ. నాకంటే ముందు టీచర్ గారే చూశారు. "వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయావు. నీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. తిరిగి రా." ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టి, "చూశావా, నీకూ వచ్చింది" అన్నారు. మా బావ అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నమే వన్ టౌన్ వెళ్ళాను. బావ తుండుగుడ్డతో ఆ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, వ్యాపారంలో పడిపోయాడు.

అంతమాత్రాన నేను ఓడిపోయానని అనుకోకండి. ఈమధ్య గుణదల నుంచి తెల్లచీరల కోసం ఆటోల్లో వస్తున్నారు, అదీ ఒక్క చీర కాదు, కూడికంతటికీ కలిపి. బావకి అంతుబట్టడం లేదు. గుమ్మం తొక్కినవాళ్ళ జాబితా నా దగ్గర ఉంది, బావ దగ్గర సరుకుంది. ఈసారి ప్రకటనలో తెల్లచీరలు అని పెద్ద అక్షరాలతో రాశాను. ఎవరికీ ఏ అనుమానం రాకుండా.

నిన్న శేషు గారు ఫోన్ చేశారు. లెక్కలు ముగించాలి కదా, రిపోర్టు అడిగారు.

"మొత్తం మీద కన్వర్షన్లు ఎన్నండీ?"

"ఒకటండీ."

ఆయన గొంతులో ప్రాణం వచ్చింది. "ఎవరండీ ఆయన?"

"మీకు తెలిసినవాడేనండీ. ప్రస్తుతం వన్ టౌన్‌లో తెల్లచీరలు మడతపెడుతున్నాడు."