లీవులో ఉన్న మనిషి అడ్రస్

దయ్యాల్ని నేను నమ్మను. మనుషుల్నే అంత తొందరగా నమ్మను, ఇంక దయ్యాల దాకా ఎక్కడ? నా అనుమానపు బుద్ధి తగ్గాలని మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేస్తుంది. ఆ బుద్ధి వల్లే నాకు ఈ ఉద్యోగం నిలబడిందని ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

హనుమకొండలో మాది చిన్న ఆఫీసు. ఒక ప్రైవేటు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను మేమే చూసుకుంటాం. రిజిస్ట్రేషన్, ల్యాబు, మందుల కౌంటరు, దేనికదే వేరే ప్రోగ్రాం. ఒక్కోటి ఒక్కో కంటెయినర్‌లో, అంటే సర్వరులోనే విడిగా కట్టిన ఒక గదిలాంటి దాంట్లో నడుస్తుంది. ఒకదాని అడ్రస్ ఇంకోదానికి తెలియదు. పేరు చెప్పి అడిగితే అడ్రస్ చెప్పేది డీఎన్ఎస్. అది మూలన పడితే ఆసుపత్రి పనంతా ఆగిపోతుంది. అందుకే పొద్దున రాగానే దాని ఆరోగ్యం చూడటం నా మొదటి పని.

ఉన్న పేరు ఒకటి అడిగితే అడ్రస్ రావాలి. లేని పేరు ఒకటి అడిగితే లేదని రావాలి. లేనిదానికి కూడా అడ్రస్ వస్తే ఎవరో వేలు పెట్టారని నా లెక్క. ఆ లేని పేరు కోసం మా ఆఫీసులో ఒక అలవాటుండేది. ఆ రోజు ఎవరు లీవులో ఉంటే వాళ్ల పేరు కొట్టేవాళ్లం. లేదని రాగానే, "సర్వరు గూడ ఒప్పుకున్నది, ఇయ్యాల రాడు" అని నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు లీవు సలీంది. నా పక్క సీటతను. పని బాగా చేస్తాడు, కాళ్లకు సాక్సులు మాత్రం ఏనాడూ జత కలవవు. దాని మీద మేం ఏడిపించని రోజు లేదు. డోర్నకల్‌లో అక్క ఇంటికి బైకు మీద వెళ్తున్నానని ముందురోజే చెప్పాడు.

అతని పేరు కొట్టాను. అడ్రస్ వచ్చింది.

మళ్లీ కొట్టాను. మాకు డీఎన్ఎస్ కాపీలు రెండు నడుస్తాయి, రెంటినీ విడివిడిగా అడిగాను. రెండూ ఒకటే మాట. అది ఎమర్జెన్సీ వార్డు రిజిస్ట్రేషన్ ప్రోగ్రాం అడ్రస్. నడుస్తున్న ప్రోగ్రాంల జాబితాలో వెతికితే సలీం అనే పేరే లేదు. సెట్టింగులు ఎవరూ ముట్టుకోలేదు.

నాకు ఒళ్లు మండింది. రోగుల వివరాలు లాగడానికి దొంగదారి పెట్టి, పైగా లీవు పెట్టి తప్పుకున్నాడనుకున్నాను. హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడని నాకు తెలుసు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంకేం కావాలి?

మా సార్‌కు చెప్పాను. ఆయన తనే ఒకసారి ఆ పేరు కొట్టి చూసుకున్నాడు. "సలీం అసొంటోడు కాదమ్మా. అయినా నువ్వు జర పోయి ఆ వార్డు కంప్యూటర్ చూసిరా. నిజమే అయితే పోలీసులకు చెప్పక తప్పదు" అన్నాడు.

ఆటోలో కూర్చున్నంతసేపూ సలీంను ఏమేం నిలదీయాలో ఆలోచిస్తూనే ఉన్నాను.

వార్డులో కంప్యూటర్ దగ్గరి అమ్మాయి నన్ను చూడగానే, "మంచిగ వచ్చినవ్ మేడం. పేరు లేకుంటే అడ్మిషన్ తీస్కుంటలేదు, ఎట్ల కొట్టాలె?" అంది. యాక్సిడెంటు కేసు అట. అప్పుడే తెచ్చారు. తలకు దెబ్బ, స్పృహ లేదు. ఫోను లేదు, పర్సు లేదు. ఆపరేషన్‌కు సంతకం పెట్టే సొంతవాళ్లు ఎవరో తెలియక పెద్ద దవాఖానకు పంపించే ఏర్పాట్లలో ఉన్నారు.

తల తిప్పి చూశాను. ముఖమంతా కట్లు. దుప్పటి బయట రెండు పాదాలు. ఒక సాక్సు నీలం, ఒకటి నలుపు.

పేరు నేనే చెప్పాను. సార్‌కు ఫోన్ చేసి సలీం అక్క నంబరు తీసుకున్నాను. ఆమె ఫోన్లోనే సరేనంది. ఆపరేషన్ అక్కడే అయింది. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లేంత టైము అతనికి లేదని తర్వాత డాక్టరే అన్నాడు. ఆ మాట విని వార్డు బయట బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

రిజిస్ట్రేషన్‌లో సలీం పేరు ఎక్కించాక ఆఫీసులో సార్ మళ్లీ కొట్టి చూశాడు. లేదని వచ్చింది. ఆ పేరుకు ఆ తర్వాత ఎప్పుడూ అడ్రస్ రాలేదు. నేను పొద్దున మొదటిసారి ఆ పేరు కొట్టేటప్పటికి అతను ఇంకా అంబులెన్సులోనే ఉన్నాడని కూడా తర్వాత తెలిసింది. ఆసుపత్రిలో ఎవరికీ తెలియని పేరును, ఇంకా చేరని చోటుతో ఎవరు కలిపారు?

ఎప్పటిదో పాత జవాబు డీఎన్ఎస్‌లో మిగిలిపోయి అదే వచ్చిందేమోనని చూశాను, అదీ కాదు. ఆఫీసులో అందర్నీ అడిగాను, మొహాలు చూస్తూ అడిగాను. సలీం తిరిగొచ్చాక సిగ్గు లేకుండా అతన్నీ అడిగాను.

"నేనేం పెట్టలేదక్కా" అన్నాడు. "దొంగదారి పెట్టేటోడు దానికి తన పేరే పెట్టుకుంటడా?"

నిజమే. అమ్మ మాత్రం తన ప్రార్థనే అంటుంది. నేను ఒప్పుకోను. కానీ ఎవర్ని అనుమానించాలో తెలియకపోవడం నాకు జీవితంలో ఇదే మొదటిసారి.

ఇప్పుడు చెకింగ్‌కు అర్థం లేని అక్షరాలేవో కొడుతున్నాం. మనుషుల పేర్లు వద్దని సార్ అన్నాడు. అయినా ఎవరైనా రావడం ఆలస్యమై ఫోన్ కలవకపోతే, నేను ఎవరూ చూడకుండా వాళ్ల పేరు కొట్టి చూస్తాను. లేదని వచ్చాకే టీకి లేస్తాను.