సున్నపు గోడలో చిన్న చెయ్యి

మా పేటలో పాత కట్టడాలన్నీ ఒక్క ఆవరణలోనే ఉన్నాయి. దొరల నాటి మిషన్ బంగళా, పెంకుల బడి, చర్చి. కట్టించిన దొరల పేర్లు రాతి మీద చెక్కి ఉంటాయి. ఓడలరేవు వైపు నుంచి సముద్రపు గుల్లలు మోసుకొచ్చి, కాల్చి, సున్నం నూరిన మా ముత్తాతల పేర్లు ఎక్కడా లేవు.

ఆ లోటు తీర్చుకోవడానికే కాబోలు, పేటలో ఒక అలవాటు పుట్టింది. క్రిస్మస్ నెలలో చర్చి గోడకి ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వాటా వెల్ల వేస్తారు. బిడ్డకి బాప్తిస్మమైన ఏడాది తమ వాటాలో కాస్త సున్నం మెత్తి, ఆరకముందే ఆ బిడ్డ అరచెయ్యి అద్దుతారు.

మా మేనత్త వాటా దక్షిణపు కిటికీ కింద. ఆవిడకి ఒక్కడే కొడుకు. నడక రాకముందే జ్వరంతో పోయాడు. ఫొటో కూడా లేదు, ఆ చేతి గుర్తు తప్ప. ఏటా గోడంతా కుంచెతో వేసి, ఆ గుంటలో మాత్రం పూడిపోకుండా తడిగుడ్డతో పల్చగా రాసేది.

పాత చర్చిని కాపాడాలని ఈమధ్య కమిటీ తీర్మానించింది. కాపాడ్డమంటే గోడలన్నిటికీ సిమెంటు మెత్తడమట! నాకు ఒళ్లు మండింది. లోపలి చెమ్మ ఎటు పోతుందని మీటింగులోనే అరిచాను.

"అమలాపురం మేస్త్రీగారు చెప్పేరండి. వందేళ్లు చూసుకోనక్కర్లేదండి," అన్నారు కమిటీ పెద్ద. మా వైపు ఏ అన్యాయమైనా 'అండీ'తోనే జరుగుతుంది.

అత్తని ఒప్పించడానికి ఆయనే మా ఇంటికీ వచ్చారు. "ఆ చెయ్యున్న చోటొక్కటీ వదిలేద్దామంటే నీళ్లు దిగిపోతాయండి అత్తయ్యగారూ. ఏమంటారు?"

"ఆయ్," అంది అత్త. పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి అడిగితే కాదనడం ఆవిడకి చేతకాదు. తాపీ ఆ కిటికీ కిందికి వచ్చేదాకా అక్కడే నిలబడి, ఇంటికొచ్చి పడుకుంది. ఆ క్రిస్మస్‌కి సున్నం నానబెట్టలేదు.

మరుసటి వానలకే గోడ ఉబ్బింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, సిమెంటుతోపాటు పాత సున్నమూ రాలిపోయింది. కబురు విని ఇద్దరం వెళ్లాం. కిటికీ కింద ఉత్త ఇటుకలు కనిపిస్తున్నాయి. చేతి గుర్తు లేదు. అత్త ఏడవలేదు, నాకే ఆగలేదు.

ఆవిడ కింద కూర్చుని రాలిన పెచ్చుల్ని తిరగేయసాగింది. ఒక పెచ్చు దగ్గర ఆగింది. ఆ గుంటలోకి దిగి గట్టిపడ్డ సిమెంటు, లోపలివైపు చిన్న అరచెయ్యిగా ఉబికి ఉంది. ఐదు వేళ్లూ ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆవిడ తడిమింది ఖాళీ గుంటని.

అత్త ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"చల్లగా ఉందమ్మా చెయ్యి," అని, పెచ్చుని ఒళ్లోకి తీసుకుని కొంగు కప్పింది.