సగం రన్‌వేకి సరే అన్నవాడు

పదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టిన నేను ఒక పైలట్‌కి పాఠం చెప్పాను. నమ్మకపోతే మా ఆంటీని అడగండి.

న్యూజిలాండ్‌లోని పాపటోయిటోయిలో ఆ ఆంటీ ఇంటి వెనక ఫ్లాట్‌లో అద్దెకి నేనూ, గుంటూరు నుంచి పైలట్ చదువుకొచ్చిన స్నేహితుడూ ఉండేవాళ్లం. నాది గోడౌన్ పని. వాడు లైసెన్సు పరీక్ష ఒకసారి తప్పాడు. "నువ్వు ఆలోచించకముందే ఒప్పుకుంటావు" అన్నాడట పరీక్ష పెట్టినాయన. ఈసారీ తప్పితే తిరిగొచ్చేయమని వాళ్ల నాన్న కరాఖండిగా చెప్పేశారు.

"ఇంతకీ దేనికి ఒప్పుకున్నావురా?" అని ఆరా తీశాను.

రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి దాటే చోట, అడ్డ రన్‌వే మీద ఇంకో విమానం ఉంటే, దిగేవాణ్ణి ఆ కూడలికి ముందే ఆగమంటారట విమానాలకి దారి చెప్పే టవర్ వాళ్లు. ఆ కాస్త దూరం సరిపోతుందా అన్నది బరువునీ గాలినీ బట్టి ముందే లెక్క కట్టి కాగితం మీద రాసుకోవాలి. సరిపోతే వాళ్ల మాట పూర్తిగా తిరిగి చెప్పి ఒప్పుకోవాలి. ఒప్పుకుని దిగాక ఆగి తీరాలి. చాలకపోతే కుదరదనొచ్చు.

"కుదరదంటే వాళ్లకి కోపం రాదూ?"

"అదే కదరా నా భయం. అంత పెద్దవాళ్లు అడిగితే కాదని ఎలా అంటాం?"

రోగం తెలిసింది. ఆంటీ ఇంకో గరిటె పులిహోర అంటే, పొట్ట పట్టుకుని కూడా "సరే ఆంటీ" అనే బాపతు వాడు.

మర్నాడు డ్రైవ్‌వే మీద సుద్దతో రెండు రన్‌వేలు గీశాను. నేనే టవర్. మైకు ఆంటీ గరిటె.

"గాలి లేదు. కూడలికి ముందు ఐదువందల మీటర్లు. ఆగుతావా?"

"సరే సార్."

"నీ కాగితంలో ఎంత కావాలని ఉంది?"

"ఆరువందల ఇరవై."

"మిగతా నూట ఇరవై అవతలి విమానం కడుపులో దొర్లుతావా?"

వారం రోజులు అదే పని. చివరికి నా మొహం కాకుండా కాగితం చూడటం మొదలెట్టాడు.

పరీక్ష రోజు సాయంత్రం బూట్లైనా విప్పకుండా కూర్చున్నాడు.

"కూడలి ముందు ఆగమన్నారు. పొద్దుటి గాలి పడిపోయింది. కాగితం చూస్తే ముప్ఫై మీటర్లు తక్కువొచ్చింది. కుదరదన్నా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదురా. కాసేపు చుట్టూ తిరుగు, మొత్తం రన్‌వే ఇస్తామన్నారు. అంతే."

అదే వాడికి నమ్మశక్యంగా లేదు. పాసైన సంగతి, నేను అడిగితే గానీ గుర్తు రాలేదు.

ఆంటీ పులిహోర తెచ్చింది. రెండో గరిటె ఎత్తగానే వాడు పళ్లెం వంక చూసి లెక్క కట్టుకున్నాడు.

"కుదరదు ఆంటీ."

"ఎవర్రా వీడికి ఇది నేర్పింది?" అంటూ ఆంటీ ఆ గరిటెడూ నా పళ్లెంలో బోర్లించింది.

"సరే ఆంటీ" అన్నాను.