మొగ్గలాంటి ముడి

2008 చలికాలంలో డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో నా పక్కన కూర్చున్న తెలుగు పెద్దావిడ, "డల్లాస్ ఫ్లైట్ పిలిస్తే కాస్త చెప్పు బాబూ, వీళ్ళ ఇంగ్లీషు నాకర్థం కాదు" అన్నారు. సరేనన్నాను.

నా హుడీ తాడు కొసల్లో పోగులు విడిపోవడం చూసి, "మీ ఆవిడైనా చూసుకోదా?" అంటూ ఒక కొసను మొగ్గలా ముడి వేశారు. రెండోది అందుకునేలోగా నా ఫ్లైట్‌కి చివరి పిలుపు వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగవయ్యా!" అని ఆవిడ అంటున్నా తాడు లాక్కుని పరుగెత్తాను. దారిలో బోర్డు మీద డల్లాస్ ఫ్లైట్ గేటు మారినట్టు కనిపించింది. వెనక్కి వెళ్ళలేదు.

ఎవరో చెప్పే ఉంటారని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను. ఆ మొగ్గ ఇప్పటికీ సడలలేదు. రెండో కొసను ముడి వేయడానికి మాత్రం నాకు చేతులు రావు.