ఖాళీ కుర్చీ వెనక మీటరు

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయినదాన్ని. ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే "రీడింగ్ ఉంటే చూపించు" అనేదాన్ని. ఇప్పుడు నా దగ్గరే ఒక రీడింగ్ ఉంది.

మేం మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నాది పోచంపల్లి, మా ఆయనది తెనాలి. ఆయనకు పాటల పిచ్చి. పెద్ద స్పీకర్లు రెండు కొన్నారు. ఎంత దూరంలో కూర్చుని వినాలో తేల్చే పని నాది.

పద్ధతి తేలికే. సీడీలో ఒకే తీరు హోరు పెట్టి, సౌండ్ మీటరుతో వెనక్కి జరుగుతూ కొలవాలి. దూరమయ్యేకొద్దీ డెసిబెల్స్ తగ్గుతాయి. ఒకచోట తగ్గడం ఆగుతుంది. అక్కడి నుంచి వినిపించేది ఎక్కువగా గోడలు తిప్పికొట్టిన శబ్దమే. దానికి కాస్త ముందే కుర్చీ వేయాలి.

రోడ్డు మీద బస్సులుంటే కొలత కుదరదు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వస్తే మాకు కొలతల రోజు.

"మీవాళ్ల బంద్ పుణ్యమా అని నా స్పీకర్లకు మంచి రోజొచ్చింది" అంటూ ఆయన కుర్చీలో కూర్చునేవారు. మీటరు ఆ వెనకే స్టాండు మీద ఉండేది.

"జర లేవుండ్రి. మీ తల అడ్డమొస్తున్నది."

"వినేవాణ్ణి లేపేసి ఏం కొలుస్తావే?"

ఆయన కూర్చుంటే డెబ్బై ఒకటి. కాఫీకి లేచి వెళితే డెబ్బై నాలుగు. ఎప్పుడు చూసినా అంతే.

ఆయన పోయాక ఒక బంద్ రోజు మా అక్క కూతురు సరిత నాగోల్ నుంచి స్కూటీ మీద వచ్చింది.

"చిన్నమ్మా, గీ స్పీకర్లు ఇంక ఎవరింటరు? రోజూ తుడుసుకుంట ఏడుస్తవ్. నాకియ్యరాదూ?"

ఇవ్వడానికి మనసొప్పలేదు, కాదనడానికి కారణమూ లేదు. దూరం కొలవడం నేర్పించి ఇద్దామనుకున్నాను.

ఖాళీ కుర్చీ వెనక మీటరు డెబ్బై ఒకటి చూపించింది.

బ్యాటరీ మార్చాను. అదే. కుర్చీ తీసేయించాను. అదే. మీటరును మూరెడు పక్కకు జరిపితే డెబ్బై నాలుగు. తిరిగి పాత చోట పెడితే డెబ్బై ఒకటి. సరిత కొలిచినా అంతే. ఆయన కూర్చున్నప్పటి లెక్క అదేనని తనకు చెప్పాను.

సరిత కుర్చీ తెచ్చి మెల్లగా అక్కడే వేసింది.

"బాబాయి ఇంకా లేస్తలేడు చిన్నమ్మా. తర్వాత తీసుకపోతలే" అని నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

కొన్నాళ్లకు మరో బంద్ వచ్చింది. ఒక్కదాన్నే కొలిచాను. అదే గది, అదే కుర్చీ, అదే హోరు. డెబ్బై నాలుగు.

ముందుసారి ఆ మూడు డెసిబెల్స్ ఏమయ్యాయని గదిలోనూ మీటరులోనూ వెతికాను. నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. ఆ సాయంత్రం మాత్రం సరితకు ఫోన్ చేసి, "వచ్చి తీసుకపో బిడ్డా" అన్నాను.