అక్రెడిటేషనూ, గోధుమరంగు నీళ్ళూ

మానవజాతి నిప్పు కనిపెట్టిన రోజూ, చక్రం దొర్లించిన రోజూ చరిత్రకారులకు ఇదమిత్థంగా తెలియవు. నగర నీటి సరఫరా సంస్థ పౌర సంబంధాల అధికారి మొట్టమొదటిసారి "మంచి ప్రశ్న" అన్న సందర్భం మాత్రం సాక్షులతో సహా నిలిచి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విలేకరి ఆయన్ని నిలదీశాడు: "ఈ ట్యాంకర్లన్నీ ఎవరి బంధువులవండీ?" జవాబు తెలిసీ చెప్పకూడని ఆ సంకట ఘడియలో, ఏ ముందస్తు సన్నాహమూ లేకుండా, ఆయన నోటినుంచి ఆ రెండు మాటలూ వెలువడ్డాయి. విలేకరి పొంగిపోయాడు. జవాబు రాలేదన్న సంగతి ఇంటికెళ్ళి చొక్కా విప్పుకున్నాక గాని అతనికి తట్టలేదు.

అక్కడితో ఒక యుగం ముగిసింది. అప్పట్నుంచి ఆయన ఆ మాట అనని రోజు లేదు. భార్య "ఉప్పు తెచ్చారా?" అన్నా మంచి ప్రశ్నే. విలేకరులు చాటుగా ఆయన్ని మంచిప్రశ్న గారనేవారు. మనమూ అలాగే అందాం.

ఆయన వృత్తికి లోకంలో ఉన్న మర్యాద అంతంతమాత్రం. డాక్టరుకు పట్టా ఉంది, లాయరుకు కోటు ఉంది, టైలరుకు మెడలో టేపైనా ఉంది. పీఆర్వోకు నవ్వుమొహం తప్ప మరో ఆధారం లేదు. ఆయన గది మెట్లకింద ఉండేది. తలుపు తోస్తే పాత మీటర్ల పెట్టెలు అడ్డుతగిలేవి. డైరెక్టరు గారు ఆయన్ని అతిథులకు "మా ఫొటోలాయన" అని పరిచయం చేసేవారు. దీనికితోడు, విలేకరులకు అక్రెడిటేషన్ కార్డులు రావాలంటే దరఖాస్తులు ఆయన చేతిమీదుగానే కదలాలి. ఊరందరికీ వడ్డించేవాడికి విస్తరి మిగలనట్టు, అందరికీ గుర్తింపు ఇప్పించే మనిషికి తన గుర్తింపంటూ ఏదీ లేదు.

అటువంటి రోజుల్లో దేశంలోని పౌర సంబంధాల సంఘంవారు, ఈ వృత్తిలో ఎవరుపడితే వారు దూరుతున్నారనీ, ఇకమీదట పీఆర్వోలకూ అక్రెడిటేషన్ ఉండాలనీ తీర్మానించారు. ముందు రాతపరీక్ష, తరవాత తాను స్వయంగా నడిపిన ప్రచారంపై ఒక నివేదిక, చివరికి మౌఖిక పరీక్ష.

"తెచ్చుకోవయ్యా అదేదో," అన్నారు డైరెక్టరు గారు. "పై అంతస్తులో గది చూద్దాం. రాకపోయిందనుకో, మా అల్లుడు ఖాళీగానే ఉన్నాడు. వాడి దగ్గరా కెమెరా ఉంది."

రాతపరీక్ష గట్టెక్కింది. నివేదికకు మాత్రం మంచిప్రశ్న గారి దగ్గర ఒక్కటే ఘనకార్యం ఉంది. అది గోధుమరంగు నీళ్ళ వ్యవహారం.

అంతకు ముందు వేసవిలో ఒక కాలనీలో కుళాయి తిప్పితే చిక్కటి డికాక్షన్ లాంటి నీళ్ళు వచ్చాయి. ఆఫీసులో ఫోన్లు మోగిపోయాయి. ఇంజనీరును అడిగితే, "శాంపిలు ల్యాబుకి పోయింది. ఏ మాటైనా అది వచ్చాకే," అన్నాడు.

డైరెక్టరు గారు అంతదాకా ఆగే మనిషి కాదు. "సాయంత్రానికి పేపర్లకి ఏదో ఒకటి పోవాలి. జనం బెదరకూడదు."

"ఇంతకీ నీళ్ళు మంచివేనాండీ?"

"నన్నడుగుతావేమిటయ్యా? అది చెప్పడానికేగా నీకు జీతం!"

మంచిప్రశ్న గారు కూర్చుని రాశారు: "పైపుల శుభ్రత పనుల వల్ల నీటి రంగులో స్వల్ప మార్పు కనిపించవచ్చు. ఇది ఎంతమాత్రం హానికరం కాదు. వినియోగదారులు నిశ్చింతగా వాడుకోవచ్చు." కింద సంతకం పెట్టి, ఆ కలం మూత బిగించి, పక్కనున్న ఫోనెత్తి ఇంటికి చేశారు. వాళ్ళ వీధికీ ఆ కాలనీకీ నీళ్ళొచ్చే గొట్టం ఒకటే.

"ఇదిగో, రెండ్రోజులు కుళాయి నీళ్ళు ముట్టకండి. క్యాను తెప్పించు."

"అవునా! మరి అక్కకి చెప్పొద్దూ? వాళ్ళది ఆ కాలనీయేగా," అంది భార్య.

"వద్దు వద్దు. మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతా పాకిందంటే నా ప్రకటన ఏంగాను?"

ఆ తరవాత ల్యాబువారు పైపులో మురుగు కలిసిందని తేల్చారు. సంస్థ పైపుకు అతుకు వేసి, ఆ మురుగు మాటను ఒక పొడవాటి ప్రకటన చిట్టచివర, ఎవరి చూపూ చేరని చోట పెట్టింది. అప్పటికే ఫోన్లు సద్దుమణిగాయి. నివేదికకు మంచిప్రశ్న గారు పెట్టిన శీర్షిక, "ఆందోళన నుంచి విశ్వాసానికి".

సంఘం కార్యాలయం ఒక కళ్ళజోళ్ళ దుకాణం మీద ఉంది. మౌఖిక పరీక్ష చేసినావిడ జర్నలిజం పాఠాలు చెప్పి రిటైరైన ఉపన్యాసకురాలు. నివేదిక చివరి పేజీ దాకా చదివి, మూసి, దానిమీద చెయ్యి పెట్టింది.

"బాగా రాశారు. ఒక్క మాట. ఆ రోజు మీ ఇంట్లో ఆ నీళ్ళే తాగారా?"

"మంచి ప్రశ్న," అన్నారాయన. ఇన్నేళ్ళలో ఆ మాట నిజం కావడం అదే మొదలు. అయితే ఆవిడ విలేకరి కాదు. పొంగిపోలేదు, జవాబు కోసం కూర్చుంది. కింది దుకాణంలో ఎవరో అక్షరాల అట్ట చదువుతున్నారు, పెద్ద వరసనుంచి చిన్న వరసకు, గొంతు తగ్గించుకుంటూ. మంచిప్రశ్న గారి కళ్ళముందు పై అంతస్తు గది మెదిలింది; అందులో కెమెరాతో డైరెక్టరు గారి అల్లుడు కూర్చుని ఉన్నాడు.

"తాగామండి. ఇంటిల్లిపాదీ."

ఇంటిల్లిపాది సంగతి ఆవిడ అడగనే లేదు.

అక్రెడిటేషన్ వచ్చింది. అద్దం బిగించిన చట్రంలో, బంగారు అంచుతో ఒక పత్రం. అది చూడటానికి వదిన గారు, అంటే భార్య అక్కగారు, పనిగట్టుకుని వచ్చింది.

"ఏడీ మా ఆఫీసరు? ఇలా రావయ్యా మరిదీ! ఏమని రాశారు ఇందులో? చదివి పెట్టు."

"విశ్వసనీయమైన సమాచారం అందించే నిపుణుడని, వదినా."

"అది వాళ్ళు రాయాలటయ్యా? నన్నడిగితే నేను చెప్పనూ! ఏమే చెల్లీ, ఆ ఎర్రనీళ్ళప్పుడు మా వీధి వీధంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు వెనకాల పరుగే. నేను పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. 'మా మరిది రాశాడర్రా, తాగండి' అన్నాను. ముందు నేనే అందరిముందూ గ్లాసెడు తాగి చూపించాను."

మంచిప్రశ్న గారు చట్రం అంచు తుడవసాగారు. అది తళతళలాడుతూనే ఉంది.

"మా ఆయన తర్వాత వారం మంచాన పడ్డారనుకో. ఆ డాక్టరు కుర్రాడు నీళ్ళ వల్లేమో అంటాడు! ఊరుకుంటానా? 'నీకు తెలుసా, మా మరిదికి తెలుసా?' అని దులిపేశాను."

"మంచాన పడ్డారా? మాకు ఒక్క మాట చెప్పలేదేం వదినా?"

"ఎందుకులే. వింటే నీ రాతమీద నీకే అనుమానం పుడుతుంది. మనసు పాడుచేసుకుంటావు."

నేల చీలితే అందులోకి పోవాలనిపించింది మంచిప్రశ్న గారికి. కాని ఆ నేలకింద ఉన్నవీ తమ సంస్థ పైపులే.

వదిన గారు వెళ్ళాక భార్య గ్లాసులు తీసింది.

"చెప్పేస్తాను," అన్నారాయన.

"ఎవరికి?"

"సంఘం వాళ్ళకి. అబద్ధం చెప్పానని ఒప్పుకుని, ఇది తిరిగిచ్చేస్తాను."

"వాళ్ళకేం? వాళ్ళు తాగలేదుగా. చెప్పాల్సింది అక్కకి."

"అక్కకి ఎలా చెప్పనే?"

"నేను ఆ రోజే చెబుదామన్నాను. మీరు వద్దన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. నాకూ దాని మొహం చూడటానికి మొహం లేదు."

మంచిప్రశ్న గారు సంఘం కార్యాలయానికే వెళ్ళారు. తప్పు ఒప్పుకోవడానికి బంధువులకంటే కార్యాలయాలు సుఖం. వాటికి పనివేళలుంటాయి, ఎదురుగా కుర్చీ ఉంటుంది, ఏడ్చేవారెవరూ ఉండరు.

కార్యదర్శి చట్రాన్ని చూసి కంగారుపడ్డాడు. "ఏం సార్, పేరు తప్పు పడిందా?"

"పేరు సరిగ్గానే ఉందండీ. మనిషే..." అని, ఫోను సంగతీ, క్యాను సంగతీ, వదిన గారి గ్లాసు సంగతీ అన్నీ చెప్పేశారు.

"ఓస్, ఆ ప్రశ్నా!" అన్నాడు కార్యదర్శి. "దానికి మార్కుల్లేవు సార్. మేడం అందరినీ అలాంటిదేదో ఒకటి అడుగుతారు. ఆసుపత్రి పీఆర్వో గారినైతే, మీ అమ్మని మీ ఆసుపత్రిలోనే చేరుస్తారా అన్నారు. చచ్చినా చేర్చనండి అందావిడ."

"మరి... ఆవిడ?"

"పాసయ్యారు."

"ఇది వెనక్కి తీసుకోరా మీరు?"

"తీసుకునే నిబంధన లేదు సార్. ఇచ్చే నిబంధనలే ఇంకా రాసుకుంటున్నాం."

మంచిప్రశ్న గారు చట్రం చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. వదిన గారి కాలనీ మీదుగా పోయే బస్సు వచ్చి ఆగింది. ఆయన ఎక్కలేదు.

ఆ విడత మౌఖిక పరీక్షకు హాజరైనవారు ఐదుగురు. ఐదుగురూ ఉత్తీర్ణులయ్యారు.